ఇంటికి పంపే సొమ్ము: రేటు ఒక్కటే చూడాలా?

సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న ఒక సోదరుని భార్య జగిత్యాల వైపు నుండి మాకు ఒక ప్రశ్న పంపారు. ఆమె భర్త మూడేళ్ళుగా ఒక పరిచయస్తుని ద్వారా హుండీలో డబ్బు పంపుతూ వచ్చాడు. బ్యాంకు కంటే రియాలుకు ఇరవై ముప్ఫై పైసలు ఎక్కువ వస్తాయి, ఫీజు ఉండదు, జీతం ఆలస్యమైతే వాళ్ళే ముందుగా ఇంటికి పంపేస్తారు. అందుకని ఆయన ఆ దారి పట్టాడు. మొన్నటి రమజాన్‌కు ముందు ఆమె ఖాతాలో నలభై వేలు పడ్డాయి. పంపినవారి పేరు ఎవరిదో ఆమెకు తెలియదు. వారం తిరగకముందే ఖాతాను స్తంభింపజేశారు. ఏదో రాష్ట్రంలో సైబర్ మోసానికి గురైన వ్యక్తి డబ్బు చేతులు మారుతూ ఈ ఖాతాలోకి వచ్చిందని బ్యాంకువారు చెప్పారు. ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. ఆ సొమ్ము మాకు హలాలేనా? ఇకమీదట దేని ద్వారా తెప్పించుకోవాలి?

రెండవది ధర్మంతో పనిలేని బజారు ప్రశ్నలా కనిపిస్తుంది. కాని ఫిఖహ్ గ్రంథాలలో 'సర్ఫ్' అధ్యాయం చదివినవారికి ఈ రెండూ ఒక్క ప్రశ్నేనని తెలుస్తుంది. అందుచేత ముందు మస్అలా చూసి, ఆ తరువాత బజారుకు వద్దాం.

ఒక ద్రవ్యాన్ని మరో ద్రవ్యంతో మార్చుకోవడాన్ని సర్ఫ్ అంటారు. బంగారానికి బంగారం, వెండికి వెండి మార్చుకుంటే సరిసమానంగా ఉండాలని, జాతులు వేరైతే హెచ్చుతగ్గులు ఉండవచ్చు గాని ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ద్వారా వచ్చిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. నేటి కరెన్సీ నోట్ల విషయంలో ఒక్కో దేశపు నోటును ఒక్కో వేరు జాతిగా పరిగణించాలని ఈ కాలపు ధర్మవేత్తలు నిర్ణయించారు. కాబట్టి రియాలుకు ఇరవై రెండు రూపాయలా, ఇరవై నాలుగా అన్నది ఇరుపక్షాల ఇష్టం. కాని రేటు ఖరారై, లావాదేవీ అక్కడికక్కడే ముగియాలి.

మరి డబ్బు ఇచ్చేది దమ్మామ్‌లో, తీసుకునేది జగిత్యాలలో కదా, అక్కడికక్కడే ఎలా ముగుస్తుంది? ఈ సందేహం కొత్తదేమీ కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) మక్కాలో ప్రజల వద్ద దిర్హములు తీసుకొని, ఇరాక్‌లో ఉన్న తమ సోదరుడు ముస్అబ్ పేర ఉత్తరం రాసి ఇచ్చేవారు. వారు అక్కడికి వెళ్ళి ఆ మొత్తం పొందేవారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ను అడిగితే అందులో తప్పు లేదన్నారు. ఫిఖహ్‌లో దీనికి 'సుఫ్తజా' అని పేరు. అయితే దారి దొంగల భయం తప్పించుకోవాలని షరతు పెట్టి ఇలా అప్పుగా ఇవ్వడాన్ని మన హనఫీ ఫుఖహా మక్రూహ్ అన్నారు; అప్పు మీద లాభం పొందినట్లవుతుందని వారి ఆందోళన. మన దేశంలో పోస్టాఫీసు మనియార్డరు వచ్చినప్పుడు కూడా ఉలమాలో ఇదే చర్చ నడిచింది. కొందరు అభ్యంతరం చెప్పారు. మరికొందరు ఫీజును చేసిన పనికి కూలిగా పరిగణించి అనుమతించారు. నేడు ఆచరణలో ఉన్నది ఈ రెండో అభిప్రాయమే.

రెండు దేశాల కరెన్సీలు కలిసిన సందర్భాన్ని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1995లో అబూధాబీ సమావేశంలో తేల్చింది. అది చెప్పిన క్రమం ఇది: ఖాతాదారు సొమ్ము అప్పగించాలి, రేటుపై ఇరువురూ ఒప్పుకోవాలి, సంస్థ ఆ మొత్తాన్ని తన లెక్కల్లో రాసుకొని, రేటు కనబడే పత్రం అతని చేతికివ్వాలి. దానితో సర్ఫ్ ముగుస్తుంది. ఆ తరువాత జరిగేది కేవలం చేరవేత. ఖాతాలో జమ కావడం చేతికి అందినట్లేనని అదే అకాడమీ 1990లోనే తీర్మానించింది.

ఇప్పుడు మన సోదరులు జేబులో నలిపి పారేసే రసీదు విలువ ఏమిటో గమనించండి. మొబైల్‌లో పంపేవారికి తెరపై కనబడే పత్రమే ఆ రసీదు. పంపిన మొత్తం, రేటు, ఫీజు, ఇంటికి చేరే రూపాయలు అనే నాలుగు అంకెలు అందులో ఉంటే మన షరీఅత్ అడిగిన పత్రం అదే. రేపు సొమ్ము అందకపోతే దావా వేయడానికి పనికి వచ్చేదీ అదే. అప్పు లావాదేవీలను రాసి పెట్టుకొమ్మని అల్లాహ్ అల్ బఖర సూరా 282వ ఆయతులో ఆజ్ఞాపించాడు. ఖుర్ఆన్‌లోకెల్లా పెద్ద ఆయతు అది.

ఇక హుండీ సంగతి. దీనినే పత్రికలవారు 'హవాలా' అని రాస్తారు. ఫిఖహ్‌లో హవాలా అంటే ఒకరి మీది అప్పును మరొకరి మీదికి మళ్ళించడం, అది ధర్మసమ్మతం. మాట ఒకటైనంత మాత్రాన ఆ హుకుం దీనికి అంటించి 'కితాబుల్లో హవాలా జాయిజ్ అని ఉంది' అనేవారిని మేము చూశాము. ఇది సరికాదు. గల్ఫ్ హుండీలో ఎక్కువగా జరిగేది ఏమిటి? 'జీతం వచ్చాక రియాళ్ళు ఇవ్వు, రూపాయలు ఈ రోజే మీ ఇంట్లో పడతాయి' అంటారు. అంటే రూపాయలు నేడు, రియాళ్ళు నెలాఖరుకు. రేటు మాత్రం ఈ రోజే మాట్లాడుకుంటారు, ఆలస్యానికి తగినట్లు రేటు మారుతుంది కూడా. ఇది గడువుతో కూడిన సర్ఫ్. ఇందులో వడ్డీ ఉంది. ఫీజు లేదని సంతోషించడం వల్ల వడ్డీ మాయం కాదు.

అవసరమే వస్తే స్నేహితుడు రూపాయలను అప్పుగా ఇవ్వవచ్చు. అప్పుడు తీర్చవలసినది రూపాయలే. తీర్చే రోజున ఇద్దరూ ఇష్టపడితే ఆ రోజు రేటుకు రియాళ్ళు ఇచ్చి, బాకీ మిగలకుండా లేచిపోవచ్చు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఒంటెలను దీనార్లకు అమ్మి దిర్హములు తీసుకున్నప్పుడు దైవప్రవక్త (స) ఈ పద్ధతినే చెప్పారు. రేటు ముందే కట్టుకోకూడదు, అంతే తేడా.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2000 జూన్ 1 నుండి అమలులో ఉన్న విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా, 1999) ప్రకారం అనుమతి పొందిన సంస్థ ద్వారా కాకుండా విదేశంలో ఉన్నవారి తరఫున ఇక్కడ డబ్బు తీసుకోవడం కూడా ఉల్లంఘనే. పంపినవాడే కాదు, పుచ్చుకున్న ఇల్లాలు కూడా ఇరుక్కుంటుంది. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు ఉండవచ్చు. పాపం చేయమని ఆజ్ఞాపించని చట్టాన్ని పాటించడం, తనను తాను అవమానానికి గురిచేసుకోకపోవడం విశ్వాసి బాధ్యత.

మరి ఏ సర్వీసు? బ్యాంకు, ఎక్స్ఛేంజి కేంద్రం, మొబైల్ యాప్ అనే మూడింటిలో ఏదైనా ఫర్వాలేదు. అయితే అక్కడి కేంద్ర బ్యాంకు లైసెన్సు ఉండాలి. పెద్ద పేరు ఒక్కటే చాలదు. 2020 మార్చిలో యు.ఏ.ఇ. ఎక్స్ఛేంజి కొత్త లావాదేవీలు నిలిపివేసి, ఆ దేశపు కేంద్ర బ్యాంకు పర్యవేక్షణ కిందికి వెళ్ళింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగినప్పుడు నెలల కష్టార్జితాన్ని ఏ యాప్ వాలెట్‌లోనూ నిలవ ఉంచకుండా, ఎప్పటిదప్పుడు ఇంటికి పంపడం మంచిది.

తరువాత రేటు. 'ఫీజు సున్నా' అని బోర్డు పెట్టినవాడు రేటులో తీసుకుంటాడు. అది హరాం కాదు, వ్యాపారి తన రేటు చెప్పుకోవచ్చు. కాని మనకు లెక్క తెలియాలి. సౌదీ రియాలు డాలరుకు 3.75గా 1986 నుండి కట్టబడి ఉంది. దిర్హం 3.6725, ఖతర్ రియాలు 3.64. కనుక ఆ రోజు డాలరుకు ఎన్ని రూపాయలో చూసి, 3.75తో భాగిస్తే రియాలు అసలు రేటు తెలిసిపోతుంది. కువైట్ దీనారు ఒక్క డాలరుకే కట్టినది కాదు, దానికి ఈ లెక్క పనికిరాదు.

లెక్క కోసం డాలరు 90 రూపాయలనుకుందాం. రియాలు సరిగ్గా 24. ఒక సంస్థ ఫీజు లేకుండా 23.70 ఇస్తోంది. మరొకటి వ్యాట్‌తో కలిపి 15 రియాళ్ళు ఫీజు తీసుకొని 23.95 ఇస్తోంది. మన చేతిలో 2000 రియాళ్ళున్నాయి. మొదటి దానిలో ఇంటికి 47,400 రూపాయలు చేరుతాయి. రెండవ దానిలో 1985 రియాళ్ళే మారినా 47,540 చేరుతాయి. ఫీజు తీసుకున్నవాడే చవక! అదే 500 రియాళ్ళయితే తలకిందులవుతుంది: మొదటిది 11,850, రెండవది 11,615. అంటే సర్వీసు మంచి చెడ్డలు మనం పంపే మొత్తాన్ని బట్టి మారతాయి. చిన్న మొత్తాలు నాలుగుసార్లు పంపేవారు రెండు నెలలకొకసారి ఫీజులు కూడి చూసుకోవాలి. ఇంటికి చేరే రూపాయలు ఎన్ని అన్న ఒక్క అంకెను రెండు మూడు చోట్ల పోల్చితే చాలు, మిగతా ప్రకటనలు చదవనక్కరలేదు. లక్కీ డ్రా ఆశ చూపి పిలిచే కేంద్రాలున్నాయి. ఆ బహుమతి కోసం తక్కువ రేటుకు పంపడం జూదానికి దగ్గరగా వెళ్ళడమేనని మా అభిప్రాయం. క్రెడిట్ కార్డుతో పంపవద్దు. దానిని నగదు అప్పుగా లెక్కగట్టి మొదటి రోజు నుండే వడ్డీ వేసేవారున్నారు.

రేటు పెరుగుతుందని నెల రోజులు డబ్బు ఆపుకొని కూర్చునే సోదరులతో ఒక మాట. మీ సొమ్ము మీరు ఆపుకోవచ్చు. భార్యాబిడ్డల పోషణ ఖర్చు మాత్రం మీ సొమ్ము కాదు, అది వారి హక్కు. పది పైసల కోసం ఇంట్లో కిరాణా బాకీ పెట్టించడం మాకు నచ్చదు.

ఇక్కడ పుచ్చుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వెస్ట్రన్ యూనియన్ వంటి పద్ధతిలో ఒకసారికి 2,500 డాలర్ల వరకే వస్తుంది, ఒక వ్యక్తికి ఏడాదిలో 30 సార్లే, చేతికి నగదుగా 50,000 రూపాయల లోపే ఇస్తారు. నెలనెలా పంపేవారికి నేరుగా ఖాతాలో వేయించుకోవడమే సులువు. ఖాతాలోని పేరు, పంపేవారు రాసిన పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. నగదు నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకు నుండి అని ఫోన్ చేసినవారికైనా సరే.

ఇక్కడి నుండి విదేశాల్లో చదివే పిల్లలకు పంపేవారు ఈ పద్ధతి వాడలేరు. అది దేశంలోకి వచ్చే డబ్బుకే. వారు బ్యాంకు ద్వారా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో పంపుకోవాలి. సర్ఫ్ హుకుం వారికీ ఇదే.

ఇక ఆ సోదరి మొదటి ప్రశ్న. ఆమె భర్త చెమటోడ్చి సంపాదించినది హలాల్. తెలియక ఇంతకాలం ఖర్చు చేసుకున్న దానికి ఆమెపై పాపం లేదు. ఆలస్యపు రేటుతో చేసిన వ్యవహారాలకు భర్త తౌబా చేసుకోవాలి. కాని ఈ నలభై వేలు ఫలానా వ్యక్తి వద్ద దోచినదేనని రుజువైతే అది అతనిది, తిరిగి అతనికే చేరాలి. భర్త తన రియాళ్ళను హుండీవాని వద్ద అడగాలి. రసీదు లేదు కనుక అది రాకపోవచ్చు. ఈ మాట రాయడానికి మాకూ కష్టంగానే ఉంది.

ఎవరో ఆమెకు 'చిట్టీ డబ్బు అని చెప్పు' అని సలహా ఇచ్చారట. అలా చెప్పవద్దు. అది అబద్ధపు సాక్ష్యం, పైగా రెండో కేసు. బ్యాంకు నుండి ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషను అన్నది రాతపూర్వకంగా తీసుకొని, వివాదంలో ఉన్న నలభై వేలను మాత్రమే ఆపి మిగతా ఖాతా విడుదల చేయమని దరఖాస్తు ఇవ్వాలి. భర్త ఇఖామా నకలు, జీతం పత్రాలు, హుండీవానితో జరిగిన సందేశాలు చెరపకుండా దగ్గర పెట్టుకోవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు, ఆదాయం ఎంత అని అడగరు. పోలీసులకు జవాబు రాయకముందే అక్కడికి వెళ్ళమని ఆమెకు జవాబు పంపాము. వల్లాహు ఆలమ్.