చింతగింజల పోకర్: పందెం ఎంత కాయాలి?

మే నెలలో మధ్యాహ్నం పూట బనగానపల్లెలో గడప దాటేవాళ్లుండరు. నాపబండల మీద నీళ్లు చల్లి తుడుచుకుని, చాప పరిచి పేక తీయడం మా ఇంటి ఆనవాయితీ. రమ్మీ పాతబడిందని పిల్లలు ఫోన్‌లో నేర్చుకున్న పోకర్ తెచ్చారు. నేలమీద ఆడితే తేలిందేమంటే, ఏ ముక్కలు పెద్దవో అందరికీ తెలుసు, పందెం ఎంత కాయాలో మాత్రం ఎవరికీ తెలీదు. నాలుగు వేసవులు ఆడాక ఒంటబట్టినవి ఇవి.

1. డబ్బులు వద్దు, గింజలు చాలు. చింతపండు కొట్టాక మిగిలిన గింజ ఒకటికి, కానుగ గింజ పదికి. మనిషికి 50 చింతగింజలు, 15 కానుగ గింజలు ఇస్తే మొత్తం 200. ముక్కలు పంచకముందే ఒకరు 1, పక్కవారు 2 తప్పనిసరిగా పెట్టాలి. ఈ 2నే పెద్ద బ్లైండ్ అంటారు.

2. మొదటి రైజ్ 6 చేయండి, అంటే పెద్ద బ్లైండ్‌కు మూడింతలు. మీకంటే ముందు ఎవరైనా ఊరికే 2 వేసి కూర్చుంటే, ఒక్కొక్కరికి ఇంకో 2 కలపండి. అంతకన్నా ఆలోచించాల్సిందేమీ లేదు.

3. చేతిలో ముక్కల్ని చూసి కాదు, మధ్యలో గింజల కుప్పను చూసి కాయండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కుప్పలో 20 ఉన్నాయి, నేలమీద అందరికీ ఉమ్మడిగా ఇంకొక్క ముక్కే తెరవాలి. ఎదుటివారికి నాలుగు ఆఠీన్లు ఉన్నాయి, ఐదోది పడితే మీరు పోయినట్టే. పేకలో మిగిలిన ఆఠీన్లు 9, వాళ్లకు కనబడని ముక్కలు 46. అంటే ఐదుసార్లలో ఒకసారి పడుతుంది. మీరు జాలిపడి 5 కాస్తే, వాళ్లు 5 పెట్టి 25 కొట్టాలని చూస్తారు. ఆరింట ఒకసారి గెలిచినా వాళ్లకు గిట్టుబాటే. అదే 10 కాస్తే నాలుగింట ఒకసారైనా గెలవాలి, 20 కాస్తే మూడింట ఒకసారి. కాబట్టి 5 కాసేవాడు చవగ్గా ముక్క అమ్మినట్టు. మామిడితోట గుత్తకిచ్చేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

4. నేలమీద మొదట పడిన మూడు ఉమ్మడి ముక్కలు చూడండి. ఆసు, ఏడు, రెండు, మూడూ మూడు రంగులైతే ఎవరికీ పెద్దగా ఆశలుండవు. కుప్పలో మూడో వంతు కాసినా చాలు. జాకీ, పది, తొమ్మిది పడి, రెండు ఒకే రంగైతే అందరి కళ్లూ మెరుస్తాయి. అప్పుడు మూడింట రెండు వంతులకు తగ్గకండి.

5. బలమున్నా లేకున్నా ఒకే కొలత పాటించండి. మా చిన్నాయన మంచి ముక్కలొస్తే 12, లేకుంటే 6 కాసేవాడు. మా జేజి కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, గింజలు బండమీద పడే చప్పుడు విని చెప్పేసేది: “వాడు గుప్పెడు ఏసినాడంటే ఆసు వచ్చినట్లే అబ్బీ, దింపేయ్.” చిన్నాయనకు ఆ సంగతి తెలియడానికి రెండు వేసవులు పట్టింది.

6. బ్లఫ్‌కూ, అంటే చేతిలో బలం లేకుండా బెదిరించడానికీ, ధర ఉంటుంది. కుప్పలో సగం కాస్తే మూడింట ఒకసారి ఎదుటివారు పారిపోయినా నష్టం రాదు. కుప్పంతా కాస్తే రెండింట ఒకసారి పారిపోవాలి. ఎంత పందెమైనా వదలని మొండి మేనమామ మీద మాత్రం బ్లఫ్ వద్దు.

7. ఎదుటివారు 10 కాశాక రైజ్ చేయాలంటే 30కి చేయండి. మీ వంతు ముందే వచ్చేట్టయితే 40. వాళ్లు కాయకముందు కుప్పలో 20 ఉండి, మీరు 20కే ఆపితే, వాళ్లు ఇంకో 10 పెట్టి 50కి ఆశపడతారు. పిలిచి పీట వేసినట్టే.

8. మీ దగ్గర 40, కుప్పలో 40 ఉంటే, 30 కాసి 10 దాచుకోవద్దు. ఆ పది మిమ్మల్ని కాపాడవు. ఆడితే అన్నీ పెట్టండి, లేకుంటే ఊరుకోండి.

9. ఫోన్‌లో ‘సగం’, ‘కుప్పంత’ అని బటన్లుంటాయి. వేలికి బరువు తెలీదు. కుప్పలో 20 ఉండగా సగం చొప్పున మూడుసార్లు కాసి, ఎదుటివారు ఒప్పుకుంటే కుప్ప 40, 80, 160 అవుతుంది, మీవి 70 పోతాయి. కుప్పంత చొప్పున అయితే 60, 180, 540. మీవి 260! మా బంధువులబ్బాయి ఒక యాప్‌లో తోట అడ్వాన్సు పోగొట్టుకున్నది ఇట్లాగే, ఒక్క పూటలో. వాడికి ఆట రాక కాదు, లెక్క కంటికి కనబడక.

10. డబ్బుకు ఆన్‌లైన్ పోకర్ మన రాష్ట్రంలో కుదరదు. 1974 నాటి చట్టాన్ని సవరించి 2020లోనే రమ్మీతో కలిపి నిషేధించారు. 1960ల చివర్లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఆట అన్న మాట నిజమే. కానీ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటైతే నైపుణ్యమా అదృష్టమా అని చూడదు. పేరున్న యాప్‌లు డబ్బాటలు మూసేశాయి. ఇంకా ఎవరైనా లింకు పంపితే తెరవకండి.

11. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి, ఒకపూట ఎండలో పోసి డబ్బాలో వేయండి. తడి ఉంటే పురుగు పడుతుంది. నాలుగు వేపాకులు వేస్తే వచ్చే వేసవి దాకా ఉంటాయి.