ఒకే రింగ్‌లో రెండు కంపెనీలు: లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని మనందరికీ తెలుసు. దీన్ని బుకింగ్ అంటారు. "ఉత్తుత్తి ఆటకి ఇంత చర్చ ఎందుకురా?" అని మా హాస్టల్‌లో కూడా అడుగుతుంటారు. నిజానికి ఫలితం ముందే రాసుకుంటారు కాబట్టే చర్చ. క్రికెట్‌లో రెండు జట్లు తలపడితే ఎవరు గొప్పో ఆటే తేలుస్తుంది. ఇక్కడ మాత్రం రెండు ఆఫీసులు కూర్చుని తేల్చుకోవాలి. తన హీరో ఎదుటి కంపెనీ హీరో చేతిలో ఓడిపోవడానికి ఏ ఓనర్ ఒప్పుకుంటాడు?

మన మల్టీస్టారర్ సినిమాలకి ఉండే తలనొప్పే ఇది. 1962లో 'గుండమ్మ కథ'లో ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి నటించారు. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో ఎన్టీఆర్, రామ్ చరణ్ కలిశారు. ఫ్యాన్స్ లెక్క మాత్రం ఎప్పుడూ ఒకటే: మా హీరో తగ్గాడా? సినిమాలో ఇద్దరినీ గెలిపించి శుభం కార్డు వేయొచ్చు. రింగ్‌లో ఎవరో ఒకరి భుజాలు మ్యాట్‌కి ఆనాలి.

లాభాలు

మొదటి లాభం, ఎప్పటికీ జరగవనుకున్న మ్యాచ్‌లు జరుగుతాయి. 2022 జూన్ 26న అమెరికా కంపెనీ ఏఈడబ్ల్యూ, జపాన్ కంపెనీ న్యూ జపాన్ కలిసి చికాగోలో 'ఫర్బిడెన్ డోర్' అనే షో పెట్టాయి. పేరుకి అర్థం, తెరవకూడని తలుపు. ఆ తలుపు తెరుచుకోవడమే షోకి పబ్లిసిటీ అయింది.

రెండోది, చిన్న కంపెనీకి పెద్ద స్టేజీ దొరుకుతుంది. 2024 జనవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ రాయల్ రంబుల్‌లోకి టీఎన్ఏ మహిళా ఛాంపియన్ జోర్డిన్ గ్రేస్ వచ్చింది. తర్వాత ఏడాది జనవరిలో ఆ రెండు కంపెనీలూ కొన్నేళ్ళ ఒప్పందం ప్రకటించాయి. టీఎన్ఏ పేరే వినని ప్రేక్షకులకి దాని ఛాంపియన్లు పరిచయమయ్యారు. సొంత ఖర్చుతో అంత పబ్లిసిటీ తెచ్చుకోవడం ఆ కంపెనీకి చాలా కష్టం.

నష్టాలు

ఇదే ఒప్పందాన్ని ఇంకో వైపు నుంచి చూద్దాం. 2025 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియాలో టీఎన్ఏ వరల్డ్ ఛాంపియన్ జో హెండ్రీ, రాండీ ఆర్టన్‌తో తలపడ్డాడు. జనం హెండ్రీ పాట పాడారు, గోల గోల చేశారు. దాదాపు మూడు నిమిషాల్లో ఓడిపోయాడు. అతనికి అది పెద్ద రాత్రే. కానీ టీఎన్ఏలో అందరికంటే గొప్పవాడు పక్క కంపెనీలో ఎక్కువసేపు నిలవలేడని చూపిస్తే, ఆ బెల్ట్ విలువ ఏమవుతుంది?

ఇంతకంటే ఘాటైన ఉదాహరణ జపాన్‌లో ఉంది. యూడబ్ల్యూఎఫ్ఐ అనే కంపెనీ "మాది నిజమైన ఫైటింగ్ స్టైల్" అని పేరు తెచ్చుకుంది. 1995 అక్టోబర్ 9న టోక్యో డోమ్‌లో న్యూ జపాన్‌తో తలపడింది. హాలు నిండిపోయింది. మెయిన్ మ్యాచ్‌లో వాళ్ళ టాప్ స్టార్ తకాదా, న్యూ జపాన్ స్టార్ ముటో వేసిన ఫిగర్ ఫోర్ పట్టుకి లొంగిపోయాడు. అది పాతకాలపు షో రెజ్లింగ్ పట్టు. "మాది నిజమైన స్టైల్" అన్న మాటకి అదే పెద్ద దెబ్బ. 1996 జనవరిలో తకాదా న్యూ జపాన్ టైటిల్ గెలిచినా, ఏప్రిల్‌కల్లా అది మళ్ళీ న్యూ జపాన్ మనిషి చేతికే వెళ్ళింది. అదే ఏడాది డిసెంబర్‌లో యూడబ్ల్యూఎఫ్ఐ మూతపడింది.

ఇంకో నష్టం మనుషులు వెళ్ళిపోవడం. 'ఫర్బిడెన్ డోర్' నాటికి న్యూ జపాన్‌కి పెద్ద దిక్కుగా ఉన్న జే వైట్, ఒకాడా, ఆస్ప్రే ముగ్గురూ 2024 మార్చికల్లా ఏఈడబ్ల్యూలో చేరిపోయారు. జోర్డిన్ గ్రేస్ కూడా ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ మనిషే. తెరిచిన తలుపులోంచి డబ్బున్న వైపుకే జనం నడుస్తారు. రెజ్లర్లకి ఇది మంచిదే, వాళ్ళని తయారుచేసిన కంపెనీకి కాదు.

స్నేహం మరీ ఎక్కువైతే?

కంపెనీలు మరీ దగ్గరైతే రెజ్లర్లకీ ప్రమాదమే. 1948లో అమెరికాలో చాలామంది ప్రమోటర్లు కలిసి ఎన్‌డబ్ల్యూఏ అనే సంఘం పెట్టుకున్నారు. ఒకే వరల్డ్ ఛాంపియన్ ఊరూరూ తిరిగి ప్రతి చోటా లోకల్ హీరోతో తలపడేవాడు. అందరికీ టికెట్లు అమ్ముడుపోయేవి. కానీ ప్రాంతాలు పంచుకున్నారు, మాట వినని రెజ్లర్‌కి ఎక్కడా పని దొరక్కుండా చేశారు. చివరికి ప్రభుత్వం కేసు పెడితే, 1956లో ఆ పద్ధతులు మానేస్తామని కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన బ్రాంచ్ వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. ఒకరి ఇంజనీర్లని ఇంకొకరు పిలవకూడదని ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ లోపల్లోపల ఒప్పందాలు పెట్టుకున్నాయని ఉద్యోగులు కేసు వేశారు. 2015లో ఆ నాలుగు కంపెనీలూ 41.5 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నాయి. మ్యాట్ అయినా కీబోర్డ్ అయినా సూత్రం ఒకటే. రెండు కంపెనీలు పోటీపడితేనే మన జీతం పెరుగుతుంది.

తేలిందేంటి?

కలవడం తప్పని నేను అనను. కానీ ఎలాంటి షరతుల మీద కలిశారన్నదే అసలు సంగతి. మా బెల్లంకొండ వైపు ఎవరినడిగినా చెప్తారు, పల్నాటి కథలో కోడిపందెం ముగిసినా షరతు ముగియలేదు. ఓడిన మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు ఊళ్ళు వదిలి తిరగాల్సి వచ్చింది. కాబట్టి ఈసారి రెండు కంపెనీలు చేతులు కలిపాయన్న వార్త చూస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. చిన్న కంపెనీ ఛాంపియన్ పెద్ద రింగ్‌లో ఎప్పుడైనా గెలుస్తున్నాడా? పెద్ద స్టార్లు చిన్న రింగ్‌కి కూడా వస్తున్నారా? నచ్చకపోతే రెజ్లర్ బయటికెళ్ళి ఇంకోచోట పని చేసుకోగలడా? మూడింటికీ అవునని జవాబొస్తే అది నిజమైన భాగస్వామ్యం. మూడింటికీ కాదని వస్తే మాత్రం, పెద్ద చేప చిన్న చేపని మింగే ముందు చేసే పరిచయం.