వంశవృక్షమును వ్రాయు విధము

ప్రతి యింటికిని ఒక చరిత్ర కలదు. పాఠ్యపుస్తకములలో రాజుల పేళ్లను, వారి యుద్ధముల యేండ్లను కంఠస్థము చేయు విద్యార్థిని తన ముత్తాత పేరడిగినచో తెల్లబోవుట తరచుగా చూచుచున్నాము. తెలిసినవారి యిండ్లలోనైనను పెద్దవారొకరు చెప్పినది మరియొకరు చెప్పినదానితో కలియదు. నోటిమాట కాగితముతో కలియదు. అట్టి తావున ఏది నిజమని యెంచవలెనో, ఏ క్రమమున విచారింపవలెనో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఈ వ్యాసమున తెలుపనెంచినాము.

మొదట చేయవలసిన పని యింటిలోనే కలదు. తనతో మొదలిడి తండ్రి, తాత, ముత్తాత యని పైకి పోవలెనేగాని, ఎవరో ప్రసిద్ధపురుషుని పైన నిలిపి అతనినుండి క్రిందికి దిగరాదు. తల్లివైపు వారినిగూడ అట్లే వ్రాయవలెను. అవ్వ తాతలు బ్రదికియుండగా అడుగుట ముఖ్యము. ఎవరు చెప్పిరి, ఏ తేదీన చెప్పిరి, తాము కన్నదియా విన్నదియా యను మూడు సంగతులను ప్రక్కనే వ్రాసికొనవలెను. చెప్పినది మనకు తప్పుగా తోచినను దిద్దరాదు. దిద్దినచో, తరువాత పోల్చి చూచుటకు మూలమే మిగులదు.

మన కుందుర్పి సీమ విషయమున కొన్ని విశేషములు గమనింపదగియున్నవి. ఇది తెలుగు కన్నడములు కలిసిన సరిహద్దు నేల. ఒకే యింటిపేరు ఒక కాగితమున తెలుగు ఉచ్చారణతోను, మరియొక కాగితమున కన్నడపు ఉచ్చారణతోను కానవచ్చును. 1800లో నైజాము ఈ సీమను కుంపినీవారికిచ్చెను. అందుచేతనే దత్తమండలమను పేరు వచ్చినది. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండి వేరుపడినది. కావున అంతకు పూర్వపు కాగితమున బళ్ళారి జిల్లా యని యున్నచో మన పెద్దలు బళ్ళారినుండి వలసవచ్చిరని తలపరాదు. వారు కదలలేదు, జిల్లా మేర కదలినది.

ఈ పీఠభూమిలో వానలు తక్కువ, కరువులు తరచు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమును మనవారు ధాత కరువందురు. ఎన్నో కుటుంబములు అప్పుడు ఊళ్లు విడిచినవి. అనాథలైన పిల్లలు పరుల పంచల పెరిగిరి. మన వంశవృక్షములు పెక్కు ఈ కరువు దగ్గరనే తెగిపోవును. అచ్చట పేరు దొరకనియెడల ఖాళీగా విడుచుట మేలు. కల్పిత నామముతో నింపినచో అది రెండు తరములలో నిజమై కూర్చుండును.

ఇక ఆధారములు. వంశములను నోట నిలిపికొను వృత్తివారు పూర్వమునుండి కలరు. కాపుల యిండ్లకు వచ్చి గోత్రములను, పూర్వుల పేళ్లను పాడెడి పిచ్చుగుంట్లవారిని నేడు వంశరాజులని గౌరవముగ పిలుచుచున్నారు. కన్నడసీమలో హెళవరు అట్టివారు. వ్రాతలలో తాళపత్రములు, క్రయపత్రములు, దత్తపత్రములు, కరణముల లెక్కలు, 1858లో మొదలైన ఇనాము కమీషనువారి రిజిస్టర్లు, జనన మరణముల లెక్కలు, పాఠశాల ప్రవేశపు పుస్తకములు, క్రైస్తవ కుటుంబములకు బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నవి. కరణముల యుద్యోగములు 1984లో రద్దయినవి గనుక గ్రామలెక్కలకై తహసీలుదారు కచేరిలో విచారింపవలెను. కల్నలు కాలిన్ మెకంజీ తన సహాయకులైన కావలి సోదరులు మొదలగువారిచేత సేకరింపించిన కైఫియత్తులలో గ్రామముల, పాళెగాండ్ల వృత్తాంతములు కలవు. అవి గ్రామస్థులు చెప్పగా వ్రాసినవగుటచే, ఊరి గౌరవమును పెంచు మాటలు వానిలో చేరియుండునని జ్ఞాపకముంచుకొనవలెను.

కాలమును తేల్చుటయందే చిక్కులధికము. ప్రభవాది సంవత్సరములు అరువదేండ్లకొకసారి మరల వచ్చును. ధాత యనగా 1816 కావచ్చును, 1876 కావచ్చును, 1936 కావచ్చును. శకవర్షమునకు 78 కలిపినచో సాధారణముగా క్రీస్తుశకము వచ్చును. ఫసలీకి 590 కలిపినచో ఆ ఫసలీ ప్రారంభమైన యేడు తెలియును. అది జూలైలో మొదలై మరుసటి జూనుతో ముగియును. హిజరీ చాంద్రమానము గనుక దానికి ఒకే సంఖ్యను కలిపిన చాలదు. మన 32 ఏండ్లకు అది ఇంచుమించు 33 ఏండ్లగును. తిథితో వారము కూడ వ్రాసియున్నచో పంచాంగగణితముచే పరీక్షింపవచ్చును. రాబర్టు సూయలు, శంకర బాలకృష్ణ దీక్షితులు కలిసి 1896లోను, దివాన్ బహదూరు స్వామికన్ను పిళ్ళెగారు 1922లోను ప్రకటించిన పట్టికలు చరిత్రకారులకు ఇందులకే ఉపకరించినవి.

ఒక ఉదాహరణము కల్పించి చూపెదము. ధాత కరువులో ఏడేండ్ల బాలుడుగా హనుమన్న కుందుర్పి చేరెననుకొందము. అతనికి తిమ్మప్ప, నరసప్ప యని యిద్దరు కొడుకులు. ఇప్పుడొక పొలమును గూర్చి రెండు శాఖలవారికి వివాదము. "ధాతలో మూలపురుషుడైన హనుమన్న కొన్నాడు, మాకును భాగమున్నది" అని నరసప్ప సంతతివారందురు. "కాదు, అది మా తాత స్వార్జితము" అని తిమ్మప్ప సంతతివారందురు. పెట్టెలోని క్రయపత్రమున ధాత నామ సంవత్సరమనియు, కొన్నవాడు హనుమన్న యనియు నిజముగనే యున్నది. పైకి చూడ నరసప్పవారి మాట గెలిచినట్లే.

కాని ఏడేండ్ల బాలుడు కరువు నడుమ పొలమెట్లు కొనును? పత్రమును మరల చూడగా ఫసలీ 1346 అని కలదు. దానికి 590 కలుపగా 1936 వచ్చినది. కరువు ధాతయైనచో ఫసలీ 1286 ఉండవలెను. కొన్నవాని పేరుకు ముందు "తిమ్మప్ప కుమారుడు" అని కలదు. మరణముల లెక్కలో పెద్ద హనుమన్న 1925లో చనిపోయినట్లున్నది. కావున కొన్నవాడు తాత పేరు పెట్టుకొన్న మనుమడు. ఇరువురును అబద్ధమాడలేదు, ఒకే పేరుగల యిద్దరు మనుష్యులును, ఒకే పేరుగల రెండు సంవత్సరములును కలిసిపోయినవి. ఆ పొలము కొన్న ధనము ఉమ్మడిదా, స్వార్జితమా యనునది వేరు ప్రశ్న. దానిని న్యాయస్థానము తేల్చవలెను. అయినను దాయాదులు ఒకరినొకరు దొంగలనుకొనుట మానుటకు ఇంతమాత్రపు విచారణయే చాలును.

తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము గనుక పేరొక్కటి చూచి మనిషిని నిర్ణయింపరాదు. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, వయస్సు కలిసిన పిమ్మటనే నిర్ణయింపవలెను. వయస్సులు సైతము ముప్పది, నలువది యని ఉజ్జాయింపుగా వ్రాయబడినవి. దత్తుపోయినవానికి కన్నతండ్రి యొకడు, పెంచిన తండ్రి యొకడు. ఇల్లరికము వెళ్లినవాడు మామగారి యింటిపేరుతో వ్యవహరింపబడవచ్చును. బాప్తిస్మము పొందినవాడు రెండు పేళ్లతో రెండు లెక్కలలో నుండవచ్చును.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. సువార్తలలో యోసేపు తండ్రి యాకోబని మత్తయియు, హేలీ యని లూకాయు వ్రాసిరి. మూడవ శతాబ్దమున జూలియసు ఆఫ్రికానసు దీనికొక సమాధానము చెప్పగా యూసేబియసు తన గ్రంథమున దానిని భద్రపరచెను. యాకోబు, హేలీ ఒక తల్లి బిడ్డలనియు, హేలీ సంతు లేక చనిపోగా యూదుల ధర్మము ననుసరించి యాకోబు అతని భార్యయందు యోసేపును కనెననియు, కావున ఒకరు కన్నతండ్రి, ఒకరు ధర్మశాస్త్రమునుబట్టి తండ్రి యనియు దాని సారాంశము. ఈ సమాధానమును అందరు పండితులును అంగీకరింపలేదు. అయినను రెండు లెక్కలలో ఒకదానిని చింపివేయక, రెండును ఎట్లు పుట్టియుండునని అడుగు పద్ధతి నేర్వదగినది. మత్తయి యెహోరామునకును ఉజ్జియాకును నడుమ అహజ్యా, యోవాషు, అమజ్యా యను మువ్వురు రాజులను విడిచెను. పూర్వుల పట్టికలలో "కుమారుడు" అనునది కొన్నియెడల "సంతతివాడు" అని మాత్రమే అర్థమిచ్చునని దీనివలన తెలియుచున్నది.

రాజశాసనములును ఇట్టివే. వేంగి చాళుక్యుల తామ్రశాసనములు ఒక్కొక్క రాజు ఎన్నేండ్లు ఏలెనో చెప్పును. నరేంద్రమృగరాజ బిరుదముగల రెండవ విజయాదిత్యుడు కొన్నింటి ప్రకారము 48, కొన్నింటి ప్రకారము 44, మరికొన్నింటి ప్రకారము 40 ఏండ్లు పాలించెను. జె. ఎఫ్. ఫ్లీటు దొర 1891లో ఈ భేదములను విమర్శించెను. శక 867లో, అనగా క్రీ.శ. 945లో జరిగిన రెండవ అమ్మరాజు పట్టాభిషేకమువంటి స్థిరమైన తేదీలు ఇట్టి లెక్కకు గుంజలు. కదలని గుంజ నొకదానిని పట్టుకొని మిగిలినవానిని దానినుండి కొలుచుట కుటుంబ చరిత్రకును చెల్లును.

కావున సంగతి జరిగిన కాలమున వ్రాసినదానికి, తరువాత వ్రాసినదానికంటె ఎక్కువ విలువనియ్యవలెను. వ్రాసినవానికి అందువలన లాభమున్నదా యని అడుగవలెను. ఒకరినుండి ఒకరు విని చెప్పిన ముగ్గురిని ఒక సాక్షిగనే లెక్కింపవలెను. తేలని విషయమున రెండు పాఠములను వ్రాసి, ఏల తేలలేదో చెప్పవలెను.

కడపటి మాట. మన వంశావళులలో స్త్రీల పేళ్లు ఏల లేవో ఆలోచింపుడు. కూలికి పోయి, కరువులో గంజి కాచి, బిడ్డలను బ్రదికించిన అవ్వ "ఫలానివాని భార్య" యని మాత్రమే మిగిలినది. బసివిగా విడువబడిన స్త్రీ తన తండ్రి యింటిపేరుతోనే బిడ్డలను పెంచిన కుటుంబములు ఈ ప్రాంతమున కలవు. అచ్చట తండ్రి పేరు లేకుండుట ఆ బిడ్డల తప్పు కాదు. వారిని దాచివేసి వ్రాసిన చెట్టు కొమ్మలు నరికిన చెట్టు. వంశవృక్షము వ్రాయుట గొప్పలు చెప్పుకొనుటకు గాదు, మనలను బ్రదికించినవారిని పేరుపెట్టి తలచుకొనుటకు. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు ఒక కాగితము తీసికొని తన యవ్వ ప్రక్కన కూర్చుండి, మొదట ఆమె పేరును, ఆమె తల్లి పేరును వ్రాయునుగాక.