తాబేళ్ల లెక్క - గ్రామస్థుల బాధ్యత

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరమునకు శీతకాలము చివర ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనికి రక్షణ కల్పించినది. తల్లి ఇసుకలో గుంట త్రవ్వి సుమారు 100 గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. పిల్లలు వెలువడుటకు దాదాపు 50 రోజులు పట్టును. ఈలోగా కుక్కలు, నక్కలు గ్రుడ్లను తినివేయును. వలలలో చిక్కి పెద్ద తాబేళ్లును మరణించుచున్నవి.

ఎచ్చట ఎన్ని గ్రుడ్లు పెట్టినవో, ఎన్ని మరణించినవో తెలిసిననే తగిన రక్షణ సాధ్యము. ఇంతటి తీరమును అటవీశాఖ సిబ్బంది మాత్రమే కనిపెట్టి యుండజాలరు. అందుచేత రాష్ట్రమున పలుచోట్ల మత్స్యకార యువకులు అటవీశాఖతోను, ట్రీ ఫౌండేషన్ వంటి సంస్థలతోను కలసి తీరము వెంట తిరిగి గ్రుడ్లను సంరక్షణ కేంద్రములకు చేర్చుచున్నారు.

2021లో ఒడిశాలోని గహీర్మఠలో లోహపు బిళ్ల తగిలించిన తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టినది. ఆ సంగతి బిళ్లపై సంఖ్యను చూచి వ్రాసికొనుటవలననే తెలిసినది.

కావున పంచాయతీ సభ్యులకు మేము చేయు మనవి యిది: ఉత్సాహవంతులను ఎన్నుకొనుడు. తేది, స్థలము, గ్రుడ్ల గుంటలు, మరణించిన తాబేళ్లు, బిళ్ల సంఖ్య ఒక పుస్తకమున వ్రాయించుడు. గ్రుడ్లను ఎవరును స్వయముగా కదల్పక వెంటనే అటవీశాఖకు తెలుపునట్లు చూడుడు.