యూరియేజ్ ఎంజైమును నిరోధకాలు బంధించే విధానం – నత్రజని యాజమాన్యంలో దాని ప్రాధాన్యం

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అయితే అందులో కొంత భాగం పైరుకు అందకముందే అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. నేలలోని బాక్టీరియా తదితర సూక్ష్మజీవులు ఉత్పత్తి చేసే యూరియేజ్ అనే ఎంజైము యూరియాను జలవిశ్లేషణ చేయడమే ఇందుకు మూలకారణం. ఈ చర్య వల్ల గుళిక చుట్టూ ఉదజని సూచిక పెరుగుతుంది. తడి నేలపై చల్లి, మట్టిలో కలపకుండా విడిచిన యూరియాలో నష్టం అధికం.

క్రియాకేంద్ర నిర్మాణం

1926లో జేమ్స్ సమ్నర్ జాక్‌బీన్ గింజల నుండి యూరియేజ్‌ను స్ఫటికరూపంలో వేరుచేశాడు. ఎంజైములలో మొదటగా స్ఫటికీకరింపబడినది ఇదే. ఇందులో నికెల్ ఉన్నదని 1975లో వెల్లడైంది. బాక్టీరియా యూరియేజ్ క్రియాకేంద్రంలో రెండు నికెల్ అయాన్లు ఉంటాయి. మార్పు చెందిన ఒక లైసిన్ వీటి మధ్య వంతెన వలె నిలుస్తుంది. క్రియాకేంద్రంపై తెరచుకొని మూసుకొనే మూత వంటి భాగం ఉంటుంది.

నిరోధకాలు బంధించే తీరు

1. అసిటోహైడ్రాక్సమిక్ ఆమ్లం తన ఆక్సిజన్ పరమాణువుల ద్వారా నికెల్ అయాన్లతో బంధం ఏర్పరచుకొని, యూరియాకు చోటు లేకుండా చేస్తుంది.

2. క్వినోన్లు నికెల్ జోలికి పోవు. మూతలోని సిస్టీన్ గంధకంతో సంయోజనీయ బంధం ఏర్పరచి, మూత కదలికను అడ్డుకొంటాయి.

3. ఎన్.బి.పి.టి. అణువును ఎంజైము స్వయంగా ఛేదిస్తుంది. బ్యూటైల్ అమీన్ విడిపోగా, మిగిలిన చిన్న ఫాస్ఫరస్ భాగం రెండు నికెల్ అయాన్లనూ గట్టిగా పట్టుకొంటుంది. యూరియా విచ్ఛిన్నమయ్యేటప్పటి మధ్యస్థ రూపాన్ని ఈ భాగం పోలి ఉండడమే ఆ పట్టుకు కారణం.

క్షేత్రస్థాయి అన్వయం

ఈ రక్షణ శాశ్వతం కాదు. నిరోధకం నేలలో క్షీణిస్తుంది. ఆమ్ల నేలల్లో మరింత త్వరగా క్షీణిస్తుంది. సూక్ష్మజీవులు కొత్త ఎంజైమును ఉత్పత్తి చేస్తూనే ఉంటాయి. కావున లభించే కొద్ది రోజుల వ్యవధిలోనే వర్షం లేదా నీటితడి ద్వారా యూరియా వేరు మండలానికి చేరాలి.

వేపపూత యూరియాను యూరియేజ్ నిరోధకంగా భావించడం సరికాదు. వేపపూత ప్రధానంగా అమ్మోనియం నైట్రేట్‌గా మారే చర్యను మందగింపజేస్తుంది; అక్కడ పనిచేసే ఎంజైము వేరు. అమ్మోనియం ఎక్కువకాలం నిలిచినందున, క్షార నేలల పైపొరపై చల్లినప్పుడు అమ్మోనియా నష్టం తగ్గకపోగా పెరిగే అవకాశం కూడా ఉంది. కావున వేపపూత యూరియా వాడే రైతుకు సైతం ఎరువును మట్టిలో కలపమని, వెంటనే తగినంత తడి ఇవ్వమని విస్తరణ శాస్త్రవేత్తలు తప్పక సూచించాలి.