పది కోట్ల డాలర్లు ఎక్కడికి పోయెను?

పాఠ్యాంశము: సంపాదన, పూచీకత్తు, పొదుపు

ఎక్కువ సంపాదించినవానికి లేమి రాదని మనము తలంచుదుము. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆంట్వాన్ వాకర్ జీవితమును పరిశీలించినయెడల ఆ తలంపు ఎంత పొరపాటో తెలియును.

1. అతని వృత్తి

వాకర్ 1976లో షికాగోలో పుట్టెను. తల్లి ఒంటరిగా పిల్లలను పెంచెను. 1996లో కెంటకీ విశ్వవిద్యాలయపు జట్టుతో జాతీయ విజేత అయ్యెను. అదే సంవత్సరము బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతనిని ఆరవ ఎంపికగా తీసికొనెను. 1998, 2002, 2003లలో ఆల్-స్టార్ ఆటకు ఎన్నికయ్యెను. 2006లో మయామీ హీట్ జట్టుతో ఎన్.బి.ఏ. విజేత అయ్యెను. 2008లో ఎన్.బి.ఏ. ఆట ముగిసెను. అప్పటికి వయస్సు 31 మాత్రమే. ఇతర వృత్తులలో మనిషి స్థిరపడు వయస్సులో ఇతని పెద్ద జీతము ఆగిపోయెను.

2. అతని సంపాదన

పండ్రెండు సీజనులలో జీతముగా వచ్చినది సుమారు 10 కోట్ల 80 లక్షల డాలర్లు. అనగా సగటున సీజనుకు 90 లక్షలు. అయితే పన్నులు, ఏజెంటు రుసుము పోగా చేతికి వచ్చినది సుమారు సగమే. పత్రికలో అచ్చయిన అంకె వేరు, ఇంటికి చేరిన సొమ్ము వేరు. అతని ఖర్చు మాత్రము అచ్చయిన అంకెనుబట్టి సాగెను.

3. పోయిన మార్గములు

మొదటిది, ఆడంబరము. ఖరీదైన కార్లు, గడియారములు కొనెను.

రెండవది, కాదనలేకపోవుట. తల్లికి ఇల్లు కట్టించుట మంచిదే. కాని బంధువులు, స్నేహితులు అనేకులు అతని జీతము మీదనే ఆధారపడిరి.

మూడవది, జూదము. లాస్ వేగాస్ జూదశాలలకు ఇచ్చిన చెక్కులు చెల్లక 2009లో కేసు వచ్చెను.

నాలుగవది, పూచీకత్తు. దీనిని నిదానముగా గమనించుడి. షికాగోలో అద్దె ఇండ్లు కొనుటకు కంపెనీ పేరున అప్పులు తెచ్చిరి. అప్పు కంపెనీది, పూచీ సంతకము వాకరుది. 2008లో ఇండ్ల ధరలు కూలగా కంపెనీ చెల్లించలేకపోయెను. బ్యాంకులు సంతకము పెట్టినవానిని పట్టుకొనెను. జీతము ఆగిన సంవత్సరమే అప్పు మీదపడెను.

2010 మే నెలలో అతడు దివాలా దరఖాస్తు పెట్టెను. మన వాడుకలో ఐ.పి. పెట్టుట అందుము. ఆస్తి 43 లక్షల డాలర్లు. అప్పు 1 కోటి 27 లక్షలు. విజేతగా పొందిన ఉంగరము కూడ అమ్ముడుపోయెను.

4. తరువాత

2013లో ఆ దివాలా వ్యవహారము తీరెను. అటుపిమ్మట వాకర్ యువ ఆటగాండ్రకు డబ్బు విషయమై బోధించుచు, తన నష్టమునే పాఠముగా చెప్పెను. అవమానమును దాచుకొనక ఇతరులకు ఉపయోగపరచుట మెచ్చదగినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఖర్చు మొత్తము జీతమునుబట్టియా, చేతికి వచ్చుదానినిబట్టియా?

2. పూచీ సంతకము పెట్టకముందు, ఆ అప్పంతయు మనమే తీర్చగలమా అని లెక్క చూచితిమా?

3. జీతము ఆగిన మరుసటి నెల ఇల్లు దేనితో గడచును?

ఈ ప్రశ్నలకు భార్యాభర్తలు కలిసి కూర్చుండి, కాగితము మీద జవాబులు వ్రాసికొనుడి.