పచ్చ అంటే ఏ పచ్చ?

మీ రెండేళ్ల పాప పసుపు కొమ్మునూ, దాని ఆకునూ చూసి రెండూ 'పచ్చ' అంటోందా? కోప్పడకండి. మన మాటలో పసుపుపచ్చా పచ్చే, ఆకుపచ్చా పచ్చే! బడిలో ఎల్లో, గ్రీన్ అని విడిగా నేర్పుతాం. ఇంట్లో మాత్రం పేర్లు అడిగే ముందు రంగులు వేరు చేయించండి. మేడిపల్లిలో బతుకమ్మ పేర్చే రోజులు ఇందుకు బాగుంటాయి. తంగేడు పూలు ఒక పళ్లెంలో, ఆకులు ఇంకో పళ్లెంలో, తెల్ల గునుగు మరోదాంట్లో వేయించండి. (రంగు అద్దిన గునుగు వద్దు, చేతులు నోట్లోకే పోతాయి.) సరిగ్గా వేరు చేసిందంటే కన్ను గుర్తుపట్టినట్టే, పేరు తర్వాత వస్తుంది.

రాత్రి బొమ్మల పుస్తకం తెరిచి 'చిలుక ఏ రంగు?' అని పరీక్ష పెట్టకండి. 'చిలుక ఆకుపచ్చగా ఉంది, మన జామాకులా' అని మీరే చెప్పండి. నాలుగేళ్లు దాటాక కూడా ఎరుపు, ఆకుపచ్చలను కలిపేస్తుంటే, ముఖ్యంగా మగపిల్లలైతే, ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి.